నలభై అయిదో అడుగు

మా సూరిబాబు అన్నయ్య ఫోన్ చేసి, "అమ్మాయ్, నడిమి గోడ పడిపోయిందే" అన్నప్పుడు నేను రాజమండ్రిలో మా వంటింట్లో నిలబడి పాలు కాచుకుంటున్నాను. వారం రోజులుగా ముసురు పట్టి ఉంది. పెనుగొండకు దగ్గర్లో ఉన్న మా ఊళ్ళో, మా నాన్నా పెదనాన్నా వేరుపడినప్పుడు ఉమ్మడి ఇంటి పెరట్లో కట్టిన గోడ అది. రోడ్డు వైపు సగం పెదనాన్నది, ఇప్పుడు ఆయన కొడుకైన అన్నయ్యది. కాలువ వైపు సగం నాన్నది, ఇప్పుడు నాది. "ఎవరికీ ఏం కాలేదులే. పొద్దున్నే లేచి చూస్తే మా వసారాలోంచి మీ వంటిల్లు కనబడుతోంది. మేస్త్రీకి చెప్పాను. పాత పునాది మీదే లేపేస్తానన్నాడు. నీ వైపు కూడా ఉంది కాబట్టి ఒకసారి వచ్చి చూసుకుంటే బాగుంటుంది" అన్నాడు. సరే అన్నయ్యా అన్నాను. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా చెయ్యి చాపలేదు.

ఆ రోజు మళ్ళీ ఒక చోట కూర్చోలేకపోయాను. వరండాలోకి వెళ్ళడం, లోపలికి రావడం, టీవీ పెట్టడం, కట్టెయ్యడం. ముప్పై ఏళ్ళ పైన ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆ ముప్పై ఏళ్ళలోనూ ఒక్క పాఠం మాత్రం నాకు పడేది కాదు. సమలంబ చతుర్భుజం వైశాల్యం. పిల్లలందరూ ట్రెపీజియం అనే అంటారు. ఎదురుబొదురు భుజాలు రెండు సమాంతరంగా ఉండి, ఒకటి పొట్టిగా ఒకటి పొడుగ్గా ఉండే బొమ్మ. ఆ రెండు భుజాలూ కలిపి, వాటి మధ్య దూరంతో గుణించి, సగం చెయ్యడమే. సూత్రంలో కష్టం ఏమీ లేదు. అయినా ఆ పాఠం వచ్చేసరికి ఒక్క పీరియడ్‌లో ముగించి తర్వాతదానికి వెళ్ళిపోయేదాన్ని. తోటి టీచర్లు ఇంటి నుంచి ఏదైనా కొలుచుకు రమ్మని పిల్లలకు పని ఇచ్చేవారు. నేను ఎప్పుడూ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో అడిగినవాళ్ళు లేరు కాబట్టి చెప్పాల్సిన అవసరమూ రాలేదు. మర్నాడు రావులపాలెం మీదుగా వెళ్ళే బస్సెక్కాను. సిద్ధాంతం ఊరి దగ్గర వంతెన మీద, కింద వశిష్ఠ గోదావరి ఎర్రగా, నిండుగా పారుతుంటే పక్క సీట్లో ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపి రూపాయి బిళ్ళ వేసి దణ్ణం పెట్టుకుంది. నేను మాత్రం చేతిసంచీ జిప్పు తెరుస్తూ, మూస్తూ కూర్చున్నాను.

మాది గోముఖం స్థలం. రోడ్డు వైపు సన్నగా మొదలై వెనక్కి వెళ్ళేకొద్దీ వెడల్పవుతుంది. అలాంటి స్థలం ఆవు ముఖంలా ఉంటుందని, కలిసొస్తుందని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. రోడ్డు మీద పద్దెనిమిది అడుగులు. వెనక కాలువ వైపు ముప్పై అడుగులు. మధ్యన పొడవు ఎనభై అడుగులు. ఒక వైపు సందు. ఆ గోడ తిన్నగా ఉంటుంది. పక్కింటి వైపు గోడే ఏటవాలుగా జరుగుతూ పోతుంది. ఈ అంకెలు నాకు ఎప్పుడు నోటికొచ్చాయో గుర్తులేదు. మా పేర్లలాగే అవీ ఇంట్లో వినబడుతూ ఉండేవి.

ముందు కొట్టు. బెల్లం దిమ్మలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, నువ్వులనూనె డబ్బా, మూల కిరసనాయిలు పీపా. గోనెసంచుల మీద కూర్చుంటే ఆ వాసనలన్నీ గౌనుకు పట్టేవి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల "ఇవాళ మిరపకాయలు దించారా?" అని అడిగేది. కొట్టు వెనక రెండు గదులు, ఆ వెనక పెరడు, పెరట్లో నుయ్యి, నూతికి అవతల వంటిల్లు, సరుకు పెట్టే సావిడి, కాలువగట్టు. ఆ ఇంటికి యజమానురాలు మా పెద్దమ్మ. తెల్లవారకముందే లేచి, నూతి దగ్గర చేద చప్పుడు చేస్తే అందరూ లేవాలి. ఆవిడ తాళాల గుత్తి నడుముకు దోపుకుని వంటింటి గడపలో పీట వేసుకుని కూర్చునేది. మా అమ్మ వండేది. ఉప్పు ఎంతో ఆవిడ చెప్పాలి. పప్పులో మామిడికాయ వేయాలో దోసకాయ వేయాలో ఆవిడ చెప్పాలి. నూనె ఆవిడే గరిటెతో కొలిచి పోసేది, పోశాక గరిటెను డబ్బా అంచుకు రెండుసార్లు కొట్టేది. ఆ టక్ టక్ చప్పుడు విన్నాకే మా అమ్మ బాణలి పొయ్యి మీద పెట్టేది. పెద్దమ్మ చెడ్డది కాదు. నాకు జ్వరం వస్తే రాత్రంతా తన మంచం మీదే పడుకోబెట్టుకునేది. కానీ పదమూడేళ్ళ కాపురంలో మా అమ్మ ఒక్క పూట కూడా తనకు తోచింది వండలేదు. ఇది నాకు అప్పుడు తెలియదు. అమ్మే తర్వాత ఒకసారి చెప్పింది. ఆ సంగతి వస్తుంది.

మామ్మ పోయిన ఏడాదిలోపే వేరుపడ్డారు. గొడవలు పడి కాదు. నాన్నకు కొబ్బరికాయల వ్యాపారం మీద మనసు పోయింది. పడవలు కాలువ రేవుకు వచ్చేవి. పెదనాన్నకు కొట్టు తప్ప మరో ఆలోచన లేదు. కొట్టు ఉన్న రోడ్డు వైపు పెద్దవాడికి, కాలువ వైపు చిన్నవాడికి, స్థలం చెరి సగం అని ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషులు తేల్చారు. కొలిచిన రోజు నాకు బాగా గుర్తు. కొబ్బరి తాడు ఒకటి తెచ్చి రోడ్డు పక్క గోడ నుంచి కాలువ వైపు గోడ దాకా, సందు గోడ వెంబడే లాగారు. కాలువ వైపు కొస పట్టుకోమని నా చేతికిచ్చారు. ఎనభై అడుగులు సరిపోయింది. తాడు మధ్యకు మడిచి, మడత పడిన చోట మేస్త్రీ మేకు కొట్టాడు. "సరి సగం" అన్నారు పెద్దమనుషుల్లో ఒకరు. అమ్మ అందరికీ కాఫీ ఇచ్చింది. ఒక్కరికీ అనుమానం రాలేదు. తాడు సగమైతే నేల కూడా సగమైనట్టే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. పదిరోజుల్లో గోడ లేచింది. నుయ్యి గోడకు ఆనుకుని మా వైపు ఉండిపోయింది. నీళ్ళు మాత్రం ఉమ్మడి అని గోడలో చిన్న తలుపు పెట్టించారు. పెద్దమ్మకు అటువైపు మెట్ల కింద రేకు వేసి వంటిల్లు చేశారు.

గృహప్రవేశం లాంటిది ఏమీ చేయలేదు గాని, మొదటి రోజు అమ్మ ఏం చేసిందో చెబుతాను. తలంటు పోసుకుని, తడి జుట్టుతోనే నూతి చప్టా మీద కూర్చుని, అవసరం లేకపోయినా చేద వేసి నీళ్ళు తోడింది. తోడి పాదాల మీద పోసుకుంది. మళ్ళీ తోడింది. గిలక కిర్రుమంటుంటే తనలో తను నవ్వుకుంటోంది. ఆ పూట వంకాయ కూరలో కొబ్బరి కోరు వేసింది. పెద్దమ్మకు అది గిట్టదు. నాన్న తిని, "ఇదేంటి కొత్తగా?" అన్నారు. "నాకిష్టం" అంది అమ్మ. అమ్మ నోటి వెంట ఆ మాట నేను అంతకుముందు వినలేదు.

తలుపు రెండు నెలలు తెరిచి ఉంది. ఒకరోజు పెద్దమ్మ నీళ్ళు తోడుకుంటూ, "నా చేతిలో ఉన్నన్నాళ్ళూ ఈ చప్టా ఇలా పాచి పట్టలేదు" అంది. ఎవరితోనూ అనలేదు, గాల్లోకి అంది. అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి, "ఇప్పుడు మీ చేతిలో లేదుగా అక్కయ్యా" అంది. పెద్దమ్మ తోడిన బిందె అక్కడే ఒంపేసి అటు వెళ్ళిపోయింది. అమ్మ గొళ్ళెం పెట్టింది. పెద్దమ్మ మళ్ళీ తలుపు తట్టలేదు. సందులోంచి కాలువ రేవుకు వెళ్ళి బిందెలు మోసుకోవడం మొదలుపెట్టింది. అన్నదమ్ములిద్దరూ ఆడవాళ్ళ మధ్య తాము దూరడం ఎందుకని ఊరుకున్నారు. అన్నయ్య అప్పటికి భీమవరంలో గది తీసుకుని కాలేజీ చదువుతున్నాడు.

అలాంటి రోజుల్లో మా లెక్కల మాస్టారు ట్రెపీజియం చెప్పారు. పాత క్యాలెండర్ అట్ట కత్తిరించి ఒకేలాంటి బొమ్మలు రెండు చేశారు. ఒకదాన్ని తలకిందులు చేసి రెండోదాని పక్కన పెట్టారు. "ఇప్పుడేమయిందర్రా?" అన్నారు. సమాంతర చతుర్భుజం అయిందండి అని అరిచాం. "దాని వైశాల్యం మీకొచ్చు. అందులో సగం ఇది. ఇంతే. ఇక ఎవరి ఇంట్లో ఈ ఆకారం ఏదుంటే అది కొలిచి, లెక్క చేసి రేపు తీసుకురండి" అన్నారు. పిల్లలు గంపలని, చేటలని, కొట్టంలో కుడితి తొట్టెలని అనుకుంటున్నారు. నాకు వెతుక్కునే పని లేదు. పద్దెనిమిదీ ముప్పై కలిపితే నలభై ఎనిమిది. ఎనభైతో గుణించి సగం చేస్తే పంతొమ్మిది వందల ఇరవై చదరపు అడుగులు. మాస్టారు నా పుస్తకం పైకెత్తి క్లాసందరికీ చూపించారు.

అక్కడితో ఆగి ఉంటే ఏ బాధా ఉండేది కాదు. మెచ్చుకున్నారు కదా అని సరదాకు ఇంకొంచెం చేశాను. మా సగం ఎంతో, పెదనాన్న వాళ్ళ సగం ఎంతో చూద్దామని. ఎనభై అడుగుల్లో పన్నెండు అడుగుల వెడల్పు పెరుగుతోంది కాబట్టి నలభై అడుగుల దగ్గర, అంటే గోడ దగ్గర, ఇరవై నాలుగు. వాళ్ళ ముక్కకు పద్దెనిమిదీ ఇరవై నాలుగూ. మా ముక్కకు ఇరవై నాలుగూ ముప్పై. వాళ్ళది ఎనిమిది వందల నలభై వచ్చింది. మాది వెయ్యిన్నీ ఎనభై వచ్చింది. తప్పు చేశాననుకుని కొట్టేసి మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. రెండు వందల నలభై చదరపు అడుగులు మాకు ఎక్కువ. కొలిచినవాళ్ళు పొడవును సగం చేశారు గాని స్థలాన్ని సగం చేయలేదు. మరి గోడ ఎక్కడ ఉండాలి? ఆ లెక్క మాకు ఇంకా చెప్పలేదు. నలభై నాలుగు అడుగులు పెట్టి చూశాను, నలభై ఆరు పెట్టి చూశాను. నలభై అయిదు దగ్గర వాళ్ళకు తొమ్మిది వందల అరవై రెండు, మాకు తొమ్మిది వందల యాభై ఎనిమిది వచ్చింది. ఒక పీట పట్టేంత తేడా. అంటే గోడ అయిదు అడుగులు వెనక్కి, మా వైపుకు జరగాలి. ఆ అయిదు అడుగుల్లోనే నుయ్యి ఉంది.

మాస్టారుకి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని రెండుసార్లు చూశారు. ఎప్పుడూ వెంటనే మార్కు వేసే మనిషి పెన్ను తీయలేదు. "లెక్క కరెక్టేనమ్మా" అన్నారు. "ఇది ఎవరికీ చెప్పకు. ముందు మీ నాన్నగారికి చూపించు" అన్నారు.

నాన్న సావిడిలో కాయలు వలిపిస్తున్నారు. పీచు వాసన, కొబ్బరినీళ్ళ పులుపు వాసన. పుస్తకం చూపిస్తే నిలబడే చదివారు. నా లెక్క ఆయనకు అర్థమైంది, మొహం చూస్తే తెలిసింది. "రోడ్డు పక్క అడుగు నేలకున్న విలువ వెనకాల ఉంటుందా? అవన్నీ చూసే పెద్దమనుషులు పంచారు" అన్నారు. "చెరి సగం అన్నారు కదండి నాన్నగారూ" అన్నాను. "కాగితం మీద లెక్క వేరు, ఇల్లు వేరమ్మా. వెళ్ళి చదువుకో" అన్నారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ చూస్తే ఆయన గోడ దగ్గర నుంచి నూతి వైపుకు మడమకు వేలు ఆనించి అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నారు. నన్ను చూసి ఆగి, చేదతాడు సర్దుతున్నట్టు నటించారు. నాన్న నటించడం నేను చూసింది అదొక్కసారే.

అమ్మకు నాన్నే చెప్పారు. అమ్మ నన్ను నూతి దగ్గరికి పిలిచింది. కోప్పడుతుందనుకున్నాను. చప్టా మీద కూర్చోబెట్టి, జడ విప్పి దువ్వడం మొదలుపెట్టింది. "పదమూడేళ్ళు, రాజ్యం. పదమూడేళ్ళు ఆవిడ గరిటె చప్పుడు చేస్తే వండాను. నాకేం బాధ లేదనుకున్నాను. ఈ నుయ్యి నా వైపు వచ్చాక తెలిసింది అది బాధేనని" అంది. దువ్వెన ఆగింది. "గోడ జరిగితే నుయ్యి అటు పోతుందిగా?" అంది. అవునన్నాను. "నేను మళ్ళీ ఆవిడని అడుక్కోవాలి." అమ్మ నన్ను చెప్పొద్దని అనలేదు. ఆ మాట అనేసి ఉంటే నాకు సులువుగా ఉండేది. పుస్తకంలోంచి ఆ పేజీ నేనే చింపాను. అమ్మ చూస్తుండగా చింపి వంటింటి పొయ్యిలో పెట్టాను.

అయినా లెక్క తలలోంచి పోయిందా? అన్నం ముందు కూర్చుంటే పళ్ళెం మీద వేలితో నలభై అయిదు అని రాసేదాన్ని. బడికి వెళ్ళేటప్పుడు సందులో పెద్దమ్మ ఎదురయ్యేది, చంకలో బిందె, తడిసిన చీర మోకాళ్ళకు అంటుకుని. "తిన్నావా?" అని అడిగేది. నేను అవునని తల ఊపి పరుగెత్తేదాన్ని. ఒకరోజు ఇక ఉండలేక, మళ్ళీ కొత్త కాగితం మీద బొమ్మ గీసి, అంకెలు వేసి, కొట్టుకు వెళ్ళాను. పెదనాన్న ఒక్కరే ఉన్నారు. బెల్లం దిమ్మ పగలగొడుతున్నారు. కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన తిప్పి పట్టుకుని చూశారు, పొడుగు భుజం పైకి వచ్చేలా. "ఏంటమ్మా ఇది? గంప బొమ్మా? బాగా గీశావు" అన్నారు. నవ్వుతూ బెల్లం ముక్క నా చేతిలో పెట్టారు. నా నోట్లో మాట ఉంది. కాదండి, ఇది మన స్థలమండి అంటే చాలు. "అవునండి పెదనాన్నగారూ, గంపే" అన్నాను. కాగితం తీసుకుని వచ్చేశాను. ఆ బెల్లం ముక్క తినలేక కాలువలో పడేశాను.

వేసవి వచ్చింది. కాలువలు కట్టేశారు. డెల్టాలో ఆ నెలల సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. నీళ్ళు తగ్గి తగ్గి మధ్యలో పాయలా మిగులుతాయి, రేవు మెట్ల కింద బురద తేలుతుంది. ఆ మధ్యాహ్నం నేను, అమ్మ సావిడిలో చాప మీద పడుకుని ఉన్నాం. గట్టు మీద నుంచి ఎవరో కేక వేశారు. అమ్మకు ఆ గొంతు తెలుసు. నాకంటే ముందు లేచి, చెప్పులు లేకుండా గట్టు దిగి పరుగెత్తింది. పెద్దమ్మ ఆఖరి మెట్టు మీద నుంచి జారి బురదలో పడి ఉంది. బిందె దొర్లిపోయింది. కుడి చెయ్యి శరీరం కింద మడత పడింది. అమ్మ ఆవిడను ఎత్తి భుజాన వేసుకుని ఇంట్లోకి తెచ్చింది, సందులోంచి కాదు, మా ఇంట్లోంచి. గొళ్ళెం తీసి, ఆ తలుపులోంచి అటు పడుకోబెట్టింది. అమ్మ ఏడుస్తూనే ఉంది. పెద్దమ్మ ఏడవలేదు.

మణికట్టు విరిగింది. పక్క ఊరి నుంచి కట్లు కట్టే మనిషిని తెచ్చారు. ఎముక అతికింది గాని వంకరగా అతికింది. ఆ చెయ్యి మళ్ళీ తిన్నగా రాలేదు. గరిటె పట్టుకుంటే పక్కకు వాలిపోయేది. నూనె కొలిచి పొయ్యలేకపోయేది. ఆ తర్వాత అమ్మ రోజూ రెండు పూటలా ఆరేసి బిందెలు తోడి అటువైపు గోలెంలో పోసేది. కుళాయిలు వచ్చేదాకా, ఏళ్ళ తరబడి పోసింది. తలుపుకు ఇక గొళ్ళెం పడలేదు. ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవారు, పండగకు కలిసి అరిసెలు వండేవారు. చూసినవాళ్ళు ఎంత కలిసిపోయారో అనేవారు. అమ్మకూ నాకూ మధ్య మాత్రం ఆ పొయ్యిలో పెట్టిన కాగితం అలాగే ఉండిపోయింది. నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి అమ్మ శనగపప్పు ఏరుతూ తలెత్తకుండా, "అప్పుడు నువ్వు చెప్పేసి ఉంటే నిన్ను తిట్టేదాన్నే. కానీ చెప్పాల్సింది" అంది. నాన్న పోయినప్పుడు ఇంటి కాగితాలు నా పేరు మీదికి వచ్చాయి. అప్పుడైనా చెప్పొచ్చు. పెదనాన్న అప్పటికి మంచంలో ఉన్నారు, ఇప్పుడెందుకనుకున్నాను. పెద్దమ్మ పోయినప్పుడు, పోయాక ఎందుకనుకున్నాను. ప్రతిసారీ ఒక కారణం దొరికేది. దొరికినకొద్దీ నా స్థిమితం తగ్గేది.

బస్సు దిగేసరికి వాన తగ్గింది. కొట్టు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు ఉంది, అన్నయ్య అద్దెకిచ్చాడు. వెనక ఇటుకల కుప్ప. ఇల్లంతా ఒక్కసారి పెద్దదైనట్టు కనబడింది. నేను పుట్టినప్పటి పెరడు అది. నుయ్యి ఎప్పుడో పూడ్చేశాం, దాని మీద సిమెంటు పలక ఉంది. వదిన కాఫీ ఇచ్చింది. మేస్త్రీ ఒక చిన్న పరికరం గోడకు గురిపెట్టి నొక్కితే దూరం అంకెల్లో వస్తోంది. సెల్‌ఫోన్‌లో నాలుగు అంకెలు కొడితే వైశాల్యం కూడా వస్తుందట. మా మాస్టారు అట్ట కత్తిరించి అరగంట సేపు చెప్పిన లెక్క. అతనికి రెండు ముక్కల వైశాల్యం కొట్టి చూడాలని తోచలేదు. పాత పునాది ఉండగా అతనికేం పని?

"అన్నయ్యా, గోడ అక్కడ వద్దు" అన్నాను. "ఇంకో అయిదు అడుగులు ఇటు జరిపి కట్టించు. నలభై అయిదు అడుగుల దగ్గర."

"అదేంటే? నీ స్థలంలోకి ఎందుకు జరుపుతాను?"

నిలబడే చెప్పాను. ఇటుక ముక్కతో తడి నేల మీద బొమ్మ గీసి చెప్పాను. అన్నయ్యకు డెబ్బై దాటాయి, కానీ కామర్స్ చదివి బ్యాంకులో చేసిన మనిషి. మధ్యలోనే అర్థమైపోయింది. బొమ్మ వైపు కాకుండా నా వైపు చూడటం మొదలుపెట్టాడు.

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"ఎనిమిదో క్లాసులో."

"మా అమ్మ పడకముందా, పడ్డాకా?"

"ముందే."

అన్నయ్య ఇటుకల మీద కూర్చున్నాడు. "సెలవులకి వచ్చినప్పుడల్లా నేనే మోసేవాణ్ణి నీళ్ళు. వెళ్ళేటప్పుడు గోలెం నింపి వెళ్ళేవాణ్ణి. రెండో రోజుకే అయిపోయేది" అన్నాడు. కాసేపటికి లేచి మేస్త్రీతో, "పాత పునాది మీదే కట్టు" అన్నాడు.

"వద్దన్నయ్యా. ఆ అయిదు అడుగులూ నీకు ఇచ్చేస్తాను" అన్నాను.

"ఇవ్వడానికి అది నీదెప్పుడే?" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే తట్టుకునేదాన్ని. "ఇస్తాననే మాట తీసెయ్ రాజ్యం. నాకేమీ ఇవ్వొద్దు."

వదిన మధ్యలోకి రాబోయి ఆగిపోయింది. మేస్త్రీ మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. చేతిలోని ఇటుక ముక్క కింద పెట్టాను. "సరే. ఇవ్వట్లేదు. మీ స్థలం మీరు తీసుకోండి. నా దగ్గర ఉండిపోయింది" అన్నాను. అన్నయ్య నేల మీది బొమ్మను మరోసారి చూశాడు. తర్వాత మేస్త్రీ వైపు తల తిప్పి, "ఆవిడ చెప్పిన చోట ముగ్గు పొయ్యి" అన్నాడు. మేస్త్రీ నలభై అయిదో అడుగు దగ్గర ముగ్గుపిండితో గీత వేశాడు. గీత పాత నూతి పలక అంచు పక్కనుంచి వెళ్ళింది. ఆ నూతిలో ఇప్పుడు నీళ్ళు లేవు. ఇవాళ ఆ అయిదు అడుగులూ వాళ్ళకు బట్టలారేసుకోవడానికి తప్ప పనికిరావు. లెక్క కరెక్టే. అవసరమైనవాళ్ళే లేరు.

దస్తావేజులో కూడా సరిచేయాలి కదా అని నెలలోపే మళ్ళీ వెళ్ళాను. రిజిస్ట్రారు ఆఫీసు బయట రేకు షెడ్డులో దస్తావేజులు రాసే ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని కొలతలన్నీ ఎక్కించాడు. పక్కపక్క కుర్చీల్లో నేనూ అన్నయ్యా. ఎండగా ఉందని అన్నయ్య నా వైపు చూడకుండానే ఫ్యాను నా వైపుకు తిప్పాడు.

"సవరణకి కారణం ఏమని రాయమంటారండీ?" అన్నాడు ఆయన. మళ్ళీ తనే, "పూర్వం కొలతలో పొరపాటు అని వేసేస్తానండి. అందరూ అదే వేయించుకుంటారు" అన్నాడు.

"పొరపాటు సంగతి నాకు తెలుసండి" అన్నాను. "తెలిసి చెప్పలేదు. అలా రాయండి."

ఆయన నవ్వాడు. "అలా రాయకూడదండీ అమ్మగారూ. కాగితం వెనక్కి పంపేస్తారు."

అన్నయ్య నా వైపు తిరిగాడు. గోడ దగ్గర మాట్లాడిన రోజు తర్వాత నా మొహంలోకి చూడటం అదే మొదలు. "ఆయన రాసింది రాయనీ. నాకు చెప్పావుగా" అన్నాడు.

కాగితం బయటికి వచ్చింది. కొలతలో పొరపాటు అన్న రెండు మాటల కింద ముందు అన్నయ్య సంతకం పెట్టాడు. తర్వాత నేను పెట్టాను. ముప్పై ఏళ్ళు బోర్డు మీద తిన్నగా రాసిన చెయ్యి, గీత తప్పి కిందికి వాలింది.